డ్రిల్ బ్యాటరీల డైవింగ్ స్కూటర్: సర్దుకుంటే మంచి బండి, సర్దకపోతే తలనొప్పి

నీటి అడుగున డైవర్‌ని లాక్కెళ్లే స్కూటర్లలో ఇప్పుడు రెండు దారులున్నాయి. ఇటలీ సూయెక్స్, పోలండ్ సీక్రాఫ్ట్, జర్మనీ బోనెక్స్ లాంటివి తమకంటూ తయారైన లిథియం ప్యాక్‌తో వస్తాయి. రెండో దారిలోవి చేతి డ్రిల్లుకి పెట్టే బ్యాటరీలు రెండింటిని ముందు అరలో తగిలించుకుని నడుస్తాయి. డైవ్ ఎక్స్‌ట్రాస్ వారి బ్లాక్‌టిప్‌తో ఈ రకానికి బాగా పేరొచ్చింది. ఈ సమీక్ష ఒక్క మోడల్ మీద కాదు, ఈ రెండో రకం మొత్తం మీద. చేతుల్లో పట్టుకుని ఉపరితలం దగ్గర తిరిగే చిన్న స్కూటర్లకి ఇందులో సగం వర్తించదు.

తీర్పు ముందే చెప్పేస్తాం. కొనదగ్గ బండి. బ్యాటరీ చచ్చిపోతే కంపెనీకి రాసి ఎదురుచూడక్కర్లేదు, పనిముట్లు అమ్మే కొట్లోనే దొరుకుతుంది. బ్రష్‌లెస్ మోటారు కాబట్టి లోపల అరిగే భాగాలు తక్కువ. విప్పి చూసుకోవడానికి ప్రత్యేక పరికరాలు పెద్దగా అక్కర్లేదు. కానీ పెట్టెలోంచి తీసి అలాగే సముద్రంలో దించితే మాత్రం దీనికి మంచి పేరు రాదు. లాగడం లేదు, ముక్కు కిందికి పోతోంది, చెయ్యి నొప్పెడుతోంది, మధ్యలో ఆగిపోతోంది అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం యంత్రంలో ఉండదు. బ్యాటరీల జత, మూత, బరువు, తాడు, ఈ నాలుగింటిలో ఏదో ఒకటి కుదరకపోవడంలో ఉంటుంది. అవి కుదిరేదాకా బండి బాగోగుల మీద ఒక అభిప్రాయానికి రావద్దు.

బ్యాటరీలు

ప్యాక్ మీద 18 వోల్టులని ఉన్నా, 20 వోల్టుల మ్యాక్స్ అని ఉన్నా, లోపల సిరీస్‌లో (ఒకదాని తర్వాత ఒకటిగా) ఉండేవి ఐదు సెల్సే. నిండా చార్జ్ అయినప్పుడు సెల్‌కి 4.2 వోల్టుల లెక్కన ప్యాక్‌కి 21 వస్తుంది. వాడుకలో సగటున సెల్‌కి 3.6, ప్యాక్‌కి 18. రెండు ప్యాకులు సిరీస్‌లో కలిస్తే మోటారుని నడిపించే సర్క్యూట్‌కి, అంటే కంట్రోలర్‌కి, నిండుగా 42, సగటున 36 వోల్టులు అందుతాయి. ఈ అంకెలు గుర్తుంటే ఒక మల్టీమీటర్‌తోనే చాలా జబ్బులు పట్టేయొచ్చు.

ఇక్కడ చాలామంది దాటేసే విషయం ఒకటుంది. చాలా డ్రిల్ బ్యాటరీల్లో సెల్ మరీ ఖాళీ అవకుండా ఆపే బాధ్యత పనిముట్టుది, ప్యాక్‌ది కాదు. స్కూటర్లో ఆ పని కంట్రోలర్ చెయ్యాలి. కానీ కంట్రోలర్‌కి కనిపించేది రెండు ప్యాకుల మొత్తం వోల్టేజీ ఒక్కటే. అది 30 దగ్గర ఆగేలా పెట్టి ఉందనుకోండి. రెండూ సమానంగా ఖాళీ అయితే ఒక్కో ప్యాక్‌లో 15, సెల్‌కి 3 వోల్టులు మిగులుతాయి, అది పర్వాలేదు. ఒకటి కొత్తది, ఇంకొకటి అరిగిపోయినది అయితే అదే 30లో ఒకదాని వాటా 18, రెండోదాని వాటా 12 కావచ్చు. అంటే బలహీనమైన ప్యాక్‌లో సెల్‌కి 2.4 వోల్టులే. ఆ ప్యాక్ దెబ్బతినొచ్చు, మళ్లీ చార్జ్ చేయడం ప్రమాదం కూడా కావచ్చు. అందుకని ఒకే మోడల్, ఒకే సామర్థ్యం, ఒకే వయసున్న రెండు ప్యాకుల్ని జతగా పెట్టుకోండి. పెయింట్ మార్కర్‌తో 1, 1 అని రాసి ఆ జతని ఎప్పుడూ విడదీయకండి. చార్జింగ్ కూడా ఒకేసారి. ఇంట్లో డ్రిల్లుకి ఒకటి, స్కూటర్‌కి ఒకటి అని పంచుకునే అలవాటుంటే ఈ రకం బండి కొనకపోవడమే మేలు.

సామర్థ్యం ఎంతసేపు నడుస్తుందన్నదాన్ని మాత్రమే కాదు, కరెంటు మోయగలదా అన్నదాన్ని కూడా నిర్ణయిస్తుంది. పూర్తి వేగంలో మోటారు 600 వాట్లు తాగుతోందంటే 36 వోల్టుల దగ్గర దాదాపు 17 ఆంపియర్లు. ఐదే సెల్స్ ఉన్న 2 ఆంపియర్ అవర్ చిన్న ప్యాక్‌లో ప్రతి సెల్ మీదా ఆ 17 ఆంపియర్లూ పడతాయి. పది సెల్స్ ఉన్న దాంట్లో అది సగమవుతుంది, పదిహేను సెల్స్ ఉన్న 9 ఆంపియర్ అవర్ ప్యాక్‌లో మూడో వంతు. చిన్న ప్యాకులతో హై స్పీడ్‌లో బండి ఆగిపోవడం చెడిపోవడం కాదు. భారం పడగానే వోల్టేజీ జారి కంట్రోలర్ కట్ చేస్తోంది, అంతే.

ప్యాక్ స్లాట్‌లో టక్కున కూర్చున్నాక చేత్తో ఊపి చూడండి. ఏమాత్రం ఆడినా గట్టి ఫోమ్ ముక్క దోపండి. పడవ మీద కుదుపులకి ప్యాక్ అర మిల్లీమీటరు వెనక్కి జరిగితే చాలు, నీళ్లలో పవర్ పోతుంది.

మూత, ఓ-రింగులు

ముక్కు మూత వ్యాసం 18 సెంటీమీటర్లు అనుకుంటే దాని వైశాల్యం సుమారు 254 చదరపు సెంటీమీటర్లు. 30 మీటర్ల లోతులో నీటి పీడనం చదరపు సెంటీమీటరుకి దాదాపు 3 కిలోలు. అంటే నీరే ఆ మూతని 760 కిలోల బలంతో లోపలికి నొక్కి పట్టుకుంటుంది. కొక్కేలకి అసలు పని లోతులో కాదు, పైన. లోతులో పీడనం ఓ-రింగుని (మూత సందుని మూసే రబ్బరు వలయాన్ని) గాడిలో ఒత్తి పట్టుకుంటుంది, పైన ఆ సాయం ఉండదు. లీకు మొదలయ్యేది ఎక్కువగా పడవ పక్కన అలలకి కొట్టుకుంటున్నప్పుడు, నీళ్లలోకి విసిరినప్పుడు, మొదటి రెండు మూడు మీటర్లలో. స్కూటర్‌ని పడవ మీంచి ఎప్పుడూ విసరకండి, చేతికందించండి, లేదా తాడుకి కట్టి దించండి.

కొత్త బండికి ఫ్యాక్టరీలో పెట్టిన ఓ-రింగుని నమ్మి వదిలేయకండి. తీసి చూడండి. గాడిలోంచి వేళ్లతో ఒకచోట నొక్కి ఉబ్బేలా చేస్తే బయటికి వస్తుంది. రాకపోతే ప్లాస్టిక్ కార్డు మూల వాడండి. సూది, స్క్రూడ్రైవర్ లాంటి ఇనుప వస్తువు గాడిని గీరితే ఆ గీత గుండా నీరు వస్తుంది, తర్వాత ఎన్ని కొత్త రింగులు వేసినా ఆగదు. నూలు రాలని గుడ్డతో రింగునీ, గాడినీ, రింగు ఆనే లోపలి గోడనీ తుడవండి. రింగుని వేళ్ల మధ్య జారుస్తూ చుట్టూ తడమండి. చీలిక, చదునైన చోటు, ఇసుక రేణువు కంటికంటే వేలికే ముందు తెలుస్తాయి. సిలికాన్ గ్రీజు బఠాణీ గింజలో సగం చాలు. రింగు మెరవాలి గానీ దాని మీద గ్రీజు పేరుకోకూడదు. ఎక్కువ పూస్తే బాగా మూసుకుంటుందన్నది భ్రమ. గ్రీజు ఇసుకనీ వెంట్రుకనీ పట్టి దాచుకుంటుంది. రింగు సిలికాన్‌తో చేసినదైతే సిలికాన్ గ్రీజు దాన్ని ఉబ్బిస్తుంది, కాబట్టి మాన్యువల్లో పదార్థం పేరు చూడండి. ఈ తరగతిలో ఎక్కువగా ఉండేది నైట్రైల్, దానికి సిలికాన్ గ్రీజు బాగానే సరిపోతుంది.

మూసేటప్పుడు మూతని తిప్పుతూ తొయ్యకండి, తిన్నగా నొక్కండి. ఎదురెదురు కొక్కేలు ఒకేసారి బిగించండి. తర్వాత చుట్టూ సందు సమానంగా ఉందా అని వెలుతురులో చూడండి. ఒక పక్క గోరు పట్టి, ఇంకో పక్క పట్టకపోతే విప్పి మళ్లీ మొదలు. ఒక కొక్కెం మిగతావాటికంటే సులువుగా పడుతోందంటే దాని సర్దుబాటు స్క్రూని అర చుట్టు బిగించాలి.

మొదటి ముంపు బ్యాటరీలు లేకుండా చెయ్యండి. అవి ఎంత బరువో అంత సీసాన్ని గుడ్డలో చుట్టి లోపల పెట్టండి. మూత అతుకు వెంబడి లోపలి వైపున టిష్యూ కాగితాన్ని పట్టీలా అంటించండి. మీటరున్నర లోతులో ఇరవై నిమిషాలు ఉంచి, పైకి తీసి, బయట పూర్తిగా తుడిచాకే తెరవండి. తెరుస్తుంటే అంచున ఉన్న చుక్కలు లోపల పడి లీకు ఉన్నట్టు భ్రమ కలిగిస్తాయి. కాగితం ఎక్కడ తడిసిందో అక్కడే లోపం. వెనక భాగంలో తడి ఉండి ముందు పొడిగా ఉంటే అది మూతది కాదు. షాఫ్ట్ సీల్ (ప్రొపెల్లర్ కడ్డీ చుట్టూ నీటిని ఆపే రింగు) గానీ, వైరు బయటికొచ్చే చోటు గానీ కారుతోంది. దాన్ని ఇంట్లో బాగుచేయాలని చూడకుండా వారంటీకి పంపండి. ఆ తర్వాత ఐదారు మీటర్లలో ఇదే పరీక్ష ఇంకోసారి. వాక్యూమ్ రంధ్రం ఉన్న మోడల్ అయితే చేతిపంపుతో లోపలి పీడనాన్ని 200 మిల్లీబార్లు తగ్గించి అరగంట వదిలేయండి. పీడనం చూపే గేజ్ ముల్లు కదలకపోతే సరే. ఈ రంధ్రం ఉన్న మోడల్ దొరికితే వేరే ఏ సౌకర్యం లేకపోయినా దాన్నే కొనమంటాం.

వేడి ఎండలో మూసిన స్కూటర్ చల్లటి నీళ్లలోకి వెళ్తే లోపలి గాలి ముడుచుకుంటుంది, తేమ చుక్కలు కడుతుంది. అది చూసి లీకని కంగారు పడతారు. నాలిక మీద వేసుకుని చూస్తే తెలిసిపోతుంది; సముద్రపు నీరైతే ఉప్పగా ఉంటుంది. నీడలో మూయడం, లోపల ఒక సిలికా జెల్ సంచి పెట్టడం, ఈ రెండూ చాలు.

పొడిగా తిప్పి చూడటం

ట్రిగ్గర్‌ని గట్టుమీద ఒకటి రెండు సెకన్లకి మించి నొక్కకూడదు. షాఫ్ట్ సీల్‌ని చల్లబరిచేదీ, జారేలా చేసేదీ నీరే. పొడిగా తిరిగితే సీల్ పెదవి వేడెక్కి గట్టిపడుతుంది, తర్వాత నీరు కారుతుంది. స్కూటర్ వెనక అరచెయ్యి దూరంగా పెట్టి గాలి ఎటు వీస్తోందో చూడండి. వెనక్కి వీయాలి. ముందుకి వీస్తోందంటే ప్రొపెల్లర్ ఎదురు తిరుగుతోంది. కంట్రోలర్ నుంచి మోటారుకి వెళ్లే మూడు వైర్లలో ఏ రెండింటిని మార్చినా దిశ మారుతుంది, బ్యాటరీ వైర్లని మాత్రం తాకకండి. అక్కడ ప్లస్ మైనస్ తారుమారైతే కంట్రోలర్ కాలిపోతుంది.

బరువు సర్దడం

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. మంచినీళ్ల కొలనులో మునిగీ మునగకుండా నిలిచిన స్కూటర్ సముద్రంలో పైకి తేలుతుంది. సముద్రపు నీరు లీటరుకి సుమారు 1025 గ్రాములు, అంటే నలభయ్యో వంతు ఎక్కువ. లెక్క సులువు: మంచినీళ్లలో సమతూకంగా ఉన్న స్కూటర్ బరువులో నలభయ్యో వంతు సీసం కలిపితే సముద్రానికి సరిపోతుంది. 12 కిలోల బండికి 300 గ్రాములు, 20 కిలోల బండికి అర కిలో.

బ్యాటరీలు మార్చినా లెక్క మారుతుంది. అవి పొట్టు (స్కూటర్ బయటి గొట్టం) లోపల ఉంటాయి కాబట్టి స్కూటర్ తొలగించే నీటి పరిమాణం మారదు, బరువు తేడా అంతా నేరుగా తేలుడు మీద పడుతుంది. పెద్ద ప్యాకుల జతనీ, చిన్న ప్యాకుల జతనీ తూచి ఆ తేడాకి సరిపడా సీసం విడిగా మూటకట్టి ఉంచుకుంటే మళ్లీ మళ్లీ కొలనుకి వెళ్లక్కర్లేదు.

కొలనులో పని ఇలా. నిజంగా డైవ్‌కి వాడే బ్యాటరీలతో, తాడుతో, దిక్సూచి ఉంటే దానితో సహా దించండి. ముక్కుని కిందికీ పైకీ వంచి, షరౌడ్‌లో (ప్రొపెల్లర్ చుట్టూ ఉండే కవచంలో) చిక్కిన గాలి బుడగలన్నీ పోనివ్వండి. ఇది మర్చిపోతే తర్వాత కొలతలన్నీ తప్పు. నీటి మధ్యలో వదిలి చూడండి. తేలుతోంటే, ప్రొపెల్లర్‌కి అందకుండా యాభై యాభై గ్రాముల సీసం ముక్కల్ని బయట టేపుతో అంటిస్తూ పోండి. మునుగుతోంటే లోపలున్న బరువు తగ్గించాలి, అలాంటిది లేకపోతే లోతుకి నలగని గట్టి ఫోమ్ బయట కట్టాలి. మెత్తని ఫోమ్ పది మీటర్లలోనే నలిగి తేలుడు పోగొట్టుకుంటుంది.

మొత్తం బరువు కుదిరాక వాలు చూడాలి. ముక్కు కిందికి దిగుతోంటే సీసాన్ని వెనక్కి, తోక దిగుతోంటే ముందుకి జరపండి. సీసం బరువు పెంచకుండా జరపడంతోనే చాలావరకు సరిపోతుంది. మా అభిప్రాయంలో వదిలేసినప్పుడు దాదాపు అడ్డంగా ఉండి, వంద గ్రాముల లోపు భారంతో మెల్లిగా దిగే స్కూటర్ అన్నిటికంటే సౌకర్యం. ముక్కు రెండు వందల గ్రాములు బరువైనా అరగంటలో మణికట్టుకి తెలుస్తుంది. తేలికగా ఉంచితే పోయినప్పుడు పైకి తేలి దొరుకుతుందని వాదించేవాళ్లున్నారు. గట్టు దగ్గర, పడవలు లేనిచోట అది నిజమే. కానీ పైకి లాగే స్కూటర్‌ని భద్రతా విరామంలో (పైకి వచ్చేముందు తక్కువ లోతులో కాసేపు ఆగడంలో) పట్టుకుని నిలబడటం చిరాకు పని.

అంతా కుదిరాక ఆ సీసాన్ని లోపలికి మార్చి గట్టిగా బిగించండి. లోపల బరువు కాస్త తగ్గించాలి, ఎందుకంటే నీళ్లలో ఉన్న సీసం తన బరువులో పదకొండో వంతు కోల్పోతుంది. బయట 110 గ్రాములు చేసే పనికి లోపల 100 చాలు. సీసం కరెంటుని ప్రవహింపజేస్తుంది కాబట్టి ప్రతి ముక్కనీ టేపుతో పూర్తిగా చుట్టి, బ్యాటరీ కాంటాక్టులకి దూరంగా, జరగని చోట పెట్టండి.

తాడు

లాగేది చెయ్యి కాదు, తాడు. తాడు రెండు కొసలూ స్కూటర్ వెనక భాగంలో రెండు పక్కలా కట్టి ఉంటాయి. మధ్యలో ఉన్న బోల్ట్ స్నాప్ (స్ప్రింగు కొక్కెం) హార్నెస్‌లో, అంటే డైవర్ ఒంటికి బిగించుకునే పట్టీల్లో, తొడల మధ్య పట్టీకి ఉన్న డి-రింగుకి తగులుతుంది. లాగుడంతా నడుం మీద పడి, కుడిచెయ్యి కేవలం దారి చూపిస్తుంది. ఆ డి-రింగు లేని హార్నెస్‌తో ఈ రకం స్కూటర్ వాడకండి, ముందు హార్నెస్ మార్చండి.

ట్రిగ్గర్ నొక్కి తాడు బిగిసినప్పుడు మోచెయ్యి కొద్దిగా వంగి ఉండాలి. చెయ్యి పూర్తిగా చాచుకుపోయి భుజం లాగుతోంటే తాడు పొడవెక్కువ, భారం ఇంకా చేతి మీదే ఉంది. మోచెయ్యి బాగా మడుచుకుని, ప్రొపెల్లర్ వెనక్కి చిమ్మే నీటి ధారంతా ఛాతీకి తగులుతోంటే తాడు పొట్టి. అప్పుడు స్కూటర్ మిమ్మల్ని ముందుకి లాగుతూనే, తన ధారతో వెనక్కి నెడుతుంది. వేగం లేదనే ఫిర్యాదుకి ఇదే మొదటి కారణం. స్కూటర్ శరీరానికి కాస్త దిగువగా, కొంచెం కుడి పక్కగా ఉండి, ధార పొట్ట కింద నుంచి సాగిపోవాలి. ముడి ఒక్కోసారి రెండు మూడు సెంటీమీటర్లు మాత్రమే మార్చండి. కుదిరిందనడానికి గుర్తు: నెమ్మది వేగంలో పిడిని రెండు వేళ్లతో పట్టుకున్నా బండి తిన్నగా పోతుంది. మందపాటి వెట్‌సూట్ మార్చినప్పుడు మళ్లీ చూసుకోవాలి. ముడి ఖరారయ్యాక మిగిలిన కొసని కోసి కాల్చండి, వేలాడే కొస ప్రొపెల్లర్‌లోకి పోతుంది. ఇదే కారణంతో గొట్టాలు, గేజ్‌లు, పొడవు జుట్టు అన్నీ ఒంటికి అంటి ఉండాలి.

ప్రొపెల్లర్ ఒక దిశలో తిరుగుతుంటే పొట్టు రెండో దిశలో తిరగాలని చూస్తుంది. మొదలెట్టగానే మణికట్టుకి తగిలే మెలిక అదే, అది లోపం కాదు. పిడిని షరౌడ్ చుట్టూ కాస్త జరిపి మణికట్టు తిన్నగా ఉండే కోణం వెతుక్కోండి.

వేగం, దూరం

ప్రకటనలో గరిష్ఠ వేగం, గరిష్ఠ సమయం పక్కపక్కనే రాస్తారు. ఆ రెండూ ఒకే డైవ్‌లో రావు. నీటి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది, కావలసిన పవర్ ఘనంతో పెరుగుతుంది. వేగాన్ని ఐదో వంతు తగ్గిస్తే 0.8 ఘనం 0.51, అంటే కరెంటు ఖర్చు సగానికి పడిపోతుంది. అదే బ్యాటరీతో వెళ్లగల దూరం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. 18 వోల్టుల 9 ఆంపియర్ అవర్ ప్యాకులు రెండు కలిపి 324 వాట్ అవర్లు. 600 వాట్ల దగ్గర అవి అరగంటకి కొంచెం పైన, 250 వాట్ల దగ్గర గంటా పావు. మధ్యస్థ గేర్లే ఈ బండికి సహజమైన చోటు. చల్లటి నీళ్లలో ఈ లెక్కల్లోంచి కూడా కొంత కోత పడుతుంది.

మీ జత ఎంతసేపు వస్తుందో ఒకసారి కొలవండి. కొలనులో స్కూటర్‌ని గట్టి స్తంభానికి కట్టి, ప్రొపెల్లర్ పూర్తిగా మునిగి ఉండగా మధ్య గేర్‌లో కట్ అయ్యేదాకా నడపండి. కదలకుండా తిరిగే ప్రొపెల్లర్ మీద భారం ఎక్కువ కాబట్టి వచ్చిన సమయం అసలు డైవ్‌లో వచ్చేదానికంటే కాస్త తక్కువే ఉంటుంది, అదే మనకి కావాలి. ఆ సమయంలో మూడో వంతు గడిచేసరికి వెనక్కి తిరగాలి.

దానికంటే గట్టి నియమం గాలిది. నిమిషానికి 50 మీటర్ల చొప్పున పది నిమిషాలు వెళ్తే 500 మీటర్లు. అక్కడ స్కూటర్ ఆగిపోతే నిమిషానికి 15 మీటర్ల ఈతతో తిరిగి రావడానికి 33 నిమిషాలు పైనే, పైగా దాన్ని ఈడ్చుకుంటూ. ఆ 33 నిమిషాలకి సరిపడా గాలి సిలిండర్‌లో ఉందా అన్నదే ఎంత దూరం పోవచ్చో చెబుతుంది, బ్యాటరీ గేజ్ కాదు. పైకి రావడానికి స్కూటర్ ఎన్నడూ వాడకండి. నిమిషానికి 60 మీటర్ల వేగంతో 45 డిగ్రీల వాలులో పైకి తిప్పితే నిలువుగా నిమిషానికి 42 మీటర్లు ఎక్కుతారు. చాలామంది డైవర్లు పాటించే నిమిషానికి 9 మీటర్ల హద్దుకి అది నాలుగున్నర రెట్ల పైనే. దిగేటప్పుడు కూడా చెవులు సర్దుకునేంత నెమ్మదిగానే పోవాలి. పాడీ లాంటి డైవింగ్ శిక్షణ సంస్థలు స్కూటర్ వాడకానికి ప్రత్యేకంగా కోర్సు నేర్పుతాయి. ఆ పాఠాలు ఈ పేరాకంటే చాలా ఎక్కువ, వెళ్లి నేర్చుకోండి.

మొరాయించినప్పుడు

ట్రిగ్గర్ నొక్కితే ఏమీ లేదు. ముందు స్టార్ట్ పద్ధతి చూడండి. పొరపాటున తిరగకుండా చాలా మోడళ్లలో రెండుసార్లు టకటకా నొక్కితేనే మేల్కొంటాయి. తర్వాత ఒక్కో ప్యాక్ వోల్టేజీ కొలవండి. రెండూ 18కి పైన ఉంటే లోపం ట్రిగ్గర్ వైపు. ట్రిగ్గర్‌లో ఉండేది అయస్కాంతం, పొట్టు లోపల ఉండేది దాన్ని పసిగట్టే సెన్సర్, రెండింటి మధ్యా వైరు లేదు. ఇంకో చిన్న అయస్కాంతాన్ని సెన్సర్ ఉన్నచోట పొట్టుకి ఆనించండి. మోటారు కదిలిందంటే ట్రిగ్గర్ అయస్కాంతం ఊడిపోయింది లేదా పక్కకి తిరిగింది. కదలకపోతే సెన్సర్ వైరు. ఈ పరీక్ష చేసేటప్పుడు వేళ్లు షరౌడ్‌కి దూరంగా ఉండాలి.

కదులుతుంది కానీ గిలగిలా కొట్టుకుంటూ తిరగదు. మోటారు మూడు వైర్లలో ఒకటి వదులైంది. వెంటనే ఆపండి, రెండో ప్రయత్నం వద్దు. రెండు వైర్లమీదే నెట్టాలని చూసి కంట్రోలర్ కాలిపోతుంది.

మోటారు శబ్దం హెచ్చింది, లాగుడు లేదు. ఉపరితలానికి దగ్గరగా ఉంటే ప్రొపెల్లర్ గాలి పీలుస్తోంది, ఒక మీటరు దిగండి. లోతులో కూడా అలాగే ఉంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద జారుతోంది. క్లచ్ నట్టు వదులై ఉంటుంది లేదా పిన్ను తెగి ఉంటుంది. క్లచ్‌ని మరీ బిగించేయకండి. రాయికో తాడుకో తగిలినప్పుడు జారి మోటారునీ వేలినీ కాపాడటమే దాని పని.

గరగర, అదురు. రెక్క అంచు చెక్కుకుపోయిందేమో చూడండి. అది బాగుంటే ప్రొపెల్లర్ విప్పి వెనక చూడండి. చేపల గాలపు దారం అక్కడ చుట్టుకుని కంటికి కనిపించదు, రోజులు గడిస్తే షాఫ్ట్ సీల్‌ని కోసేస్తుంది. ప్రొపెల్లర్ మీద చెయ్యి వేసే ముందు ప్రతిసారీ బ్యాటరీలు బయటికి తీయాలి. అయస్కాంతపు స్విచ్చి మీద నమ్మకం పెట్టుకోకూడదు. జేబులోని టార్చి అయస్కాంతం తగిలినా అది మేల్కొనగలదు.

ట్రిగ్గర్ వదిలినా ఆగదు. ఇసుక ఇరుక్కుంది లేదా స్ప్రింగు నీరసించింది. ముందు దిశని అడ్డంగా తిప్పండి, పైకి మాత్రం పోనివ్వకండి. ట్రిగ్గర్‌ని ముందుకీ వెనక్కీ ఆడించండి, వేగం తగ్గించే మార్గం ఉంటే కనిష్ఠానికి తెండి. మీ మోడల్‌ని నీళ్లలోనే పూర్తిగా ఆపే పద్ధతి మాన్యువల్లో ఏముందో చదివి, మొదటి డైవ్‌కి ముందే కొలనులో చేసి చూడండి. ప్రతి డైవ్ తర్వాత ట్రిగ్గర్ సందులో మంచినీళ్లు పోసి ఇరవైసార్లు నొక్కి వదిలితే ఈ ఇబ్బంది చాలా అరుదు.

దిక్సూచి తప్పు చూపిస్తోంది. మోటారు అయస్కాంతాలు, ట్రిగ్గర్ అయస్కాంతం, కరెంటు, మూడూ దాన్ని లాగుతాయి. ముక్కు చివర బిగించి, నీళ్లలో మోటారు ఆపి ఒకసారి, నడిపి ఒకసారి చదవండి. తేడా ఉంటే దిక్సూచిని ఇంకా ముందుకి జరపాలి, కుదరకపోతే ఎడమచేతి మణికట్టుకి కట్టుకోవడమే మార్గం.

నీరు చేరితే

స్కూటర్ అకస్మాత్తుగా బరువెక్కి ముక్కు దిగిపోతోంటే లోపల నీరు చేరినట్టే. దాన్ని పట్టుకుని మీరూ దిగిపోకండి, స్నాప్ విప్పేయండి. పైకి తెచ్చుకోగలిగితే మూత మొహానికి ఎదురుగా పెట్టి తెరవకండి. ఉప్పునీటిలో బ్యాటరీ కాంటాక్టుల మధ్య కరెంటు పారి హైడ్రోజన్, క్లోరిన్ పుడతాయి. లోపల ఒత్తిడి పెరిగి, కొక్కెం వదలగానే మూత ఎగిరి వచ్చే వీలుంది. ఆరుబయట, మూత ముందు ఎవరూ లేకుండా, మంటలకి దూరంగా, కొక్కేల్ని కొద్దికొద్దిగా వదలండి. తడిసిన లిథియం ప్యాక్‌ని ఆరబెట్టి మళ్లీ వాడొద్దు, చార్జర్‌కి అసలే పెట్టొద్దు. ఆరుబయట కాలని నేల మీద వదిలి, బ్యాటరీలు సేకరించే చోట అప్పగించండి. కంట్రోలర్, వైర్లు మాత్రం మంచినీళ్లతో కడిగి పూర్తిగా ఆరబెడితే కొన్నిసార్లు బతుకుతాయి.

ప్రయాణం, నిల్వ

విమానంలో విడి లిథియం బ్యాటరీలు చేతి సంచీలోనే ఉండాలి. 100 వాట్ అవర్ల దాకా మామూలుగా అనుమతిస్తారు, 100 నుంచి 160 దాకా విమాన సంస్థ అనుమతితో రెండు, 160 దాటితే ప్రయాణికుడి సామానులో కుదరదు. 18 వోల్టుల 5 ఆంపియర్ అవర్ ప్యాక్ 90 దగ్గర సులువుగా దాటిపోతుంది, 9 ఆంపియర్ అవర్ ప్యాక్ 162తో ఇరుక్కుంటుంది. పెద్ద సొంత ప్యాక్ ఉన్న స్కూటర్లతో పోలిస్తే ఈ రకానికి ఉన్న అసలు ఆధిక్యం ఇదే. తరచుగా విమానం ఎక్కే డైవర్‌కి ఇదొక్కటే కొనడానికి చాలు. పొట్టుని లగేజీలో వేసేటప్పుడు ఓ-రింగు తీసేసి మూత వదులుగా పెట్టండి. పైన ఎత్తులో గాలి పలచబడితే లోపలి ఒత్తిడి మూతని నెట్టకుండా ఉంటుంది.

ఇంట్లో బ్యాటరీలు సగం చార్జ్‌తో, సెల్‌కి 3.7 నుంచి 3.8 వోల్టుల దగ్గర, స్కూటర్లోంచి బయటికి తీసి చల్లని చోట ఉంచాలి. డైవ్ నుంచి వేడిగా వచ్చిన ప్యాక్‌ని చల్లారాకే చార్జ్ చేయాలి, మనిషి లేని గదిలో చేయకూడదు. స్కూటర్‌తో పాటే కొనిపెట్టుకోవాల్సినవి కొద్దే: మూత ఓ-రింగులు రెండు జతలు, ట్రిగ్గర్ స్ప్రింగు, ప్రొపెల్లర్ పిన్నులు, ఒక ప్రొపెల్లర్, తాడు రెండు మీటర్లు, ఇంకో బోల్ట్ స్నాప్. షాఫ్ట్ సీల్ విడిగా అమ్మే తయారీదారునే ఎంచుకోండి.